ద్వీపాంతరంలో స్వయంవరం

వివాహ ప్రస్తావన రావడం, అది తిరస్కృతం కావడం సాహిత్యంలో మిక్కిలి పురాతనమైన ఘట్టం. మన తెలుగు పాఠకులకు దీనితో పరిచయం తొమ్మిది శతాబ్దాలకు పైబడినది. పదకొండవ శతాబ్దంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో దేవయాని కథ ఉన్నది. శుక్రాచార్యుల కుమార్తె కచుని వలచి, తన్ను పెండ్లాడుమని నోరు విడిచి అడిగింది. గురుపుత్రి సోదరితో సమానమని కచుడు నిరాకరించాడు. ఆమె అతని విద్య ఫలించకుండునట్లు శపించింది. ఋషిపుత్రుడెవ్వడూ ఆమెను వరింపడని అతడు ప్రతిశాపమిచ్చాడు. కథ అంతటితో ఆగలేదు. రాజపుత్రిక శర్మిష్ఠ ఆమె తండ్రిని తన తండ్రికి ఆశ్రితుడని ఈసడించి, ఆమెను నూతిలో త్రోసింది. ఆ నూతి నుండి చేయి పట్టి పైకి తీసిన యయాతిని ఆమె భర్తగా కోరగా, బ్రాహ్మణ కన్యను క్షత్రియుడెట్లు చేపట్టగలడని ఆ రాజు జంకాడు. అహంకారం, అంతస్తు, తిరస్కారం అనే మూడు దారాలూ ఈ ఒక్క కథలో పెనవేసుకొని ఉన్నవి. ఈ విషయంపై తరువాత వచ్చిన కథలన్నీ ఈ మూడు దారాలతో నేసినవే.

ద్రౌపదీ స్వయంవరంలో కర్ణుడు విల్లందుకొనగా, సూతుని వరింపనని ఆమె పలికిందనే వృత్తాంతం లోకంలో బహుళ ప్రచారం పొందింది. అది కొన్ని ప్రతులలో మాత్రమే ఉన్నది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ వారి సంశోధిత ప్రతి దానిని మూలంలో చేర్చలేదు. అయినప్పటికీ ప్రజలు దానిని విడువలేదు. తిరస్కారానికి కులమే కారణం కావాలని వినేవారి మనస్సు నిశ్చయించుకున్నట్లున్నది.

ఆంగ్ల సాహిత్యంలో ఈ ఘట్టానికి క్రొత్త అర్థం కల్పించిన నవల జేన్ ఆస్టిన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. అది 1813లో ప్రచురితమైనది. ఎలిజబెత్ బెన్నెట్‌కు సోదరులు లేరు. తండ్రి అనంతరం వారి ఎస్టేటు దూరపు బంధువైన కాలిన్స్‌కు చెందుతుంది. ఆ కాలిన్సే వచ్చి అడిగినప్పుడు ఆమె కాదన్నది. అతనికంటె ఎన్నో రెట్లు ధనవంతుడైన డార్సీ, ఆమె కుటుంబం తనకు తగనిదనే భావాన్ని దాచుకొనలేక ప్రేమను వెల్లడించినప్పుడు కూడా కాదన్నది. ఆమె స్నేహితురాలు షార్లట్ లూకస్ మాత్రం ఇరువదియేడేండ్ల వయస్సులో, ఆస్తి లేని స్త్రీకి వేరు గతి లేదని తెలిసి, అదే కాలిన్స్‌ను అంగీకరించింది. విమర్శకులు ఎలిజబెత్ తిరస్కారాన్ని గూర్చి ఎక్కువగా వ్రాశారు. చరిత్ర చదివేవాడికి షార్లట్ అంగీకారమే ఎక్కువ ఆలోచన కలిగిస్తుంది. కాదనడానికి చెల్లించవలసిన మూల్యం ఎంత అన్న ప్రశ్న ఆమె మూలంగానే పుడుతున్నది.

ఈ ప్రశ్నను వెంట బెట్టుకొని మనం అండమాను దీవులకు వెళ్ళవలసి ఉన్నది. అక్కడ ఒక కాలంలో వివాహం ప్రభుత్వశాఖ వ్యవహారంగా నడిచింది. అక్కడికి చేరినవారి కులాన్ని సముద్రమే కడిగివేసిందని స్వదేశంలోని బంధువులు భావించారు. ఐనా అక్కడి స్త్రీకి కాదనే మాట ఒకటి మిగిలింది.

అండమానులో బ్రిటిషువారు తొలిసారి 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయర్ ఆధ్వర్యాన వలస నెలకొల్పారు. రోగాల తాకిడికి తాళలేక 1796లో దానిని ఎత్తివేశారు. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత వేలకొలది బందీలను ఎక్కడ ఉంచాలన్న సమస్య వచ్చినప్పుడు ఆ దీవులు మళ్ళీ జ్ఞప్తికి వచ్చాయి. 1858 మార్చి 10న డాక్టర్ జె. పి. వాకర్ రెండువందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. ఉత్తర హిందూస్థానం ‘కాలాపానీ’ అని, మనవారు ‘ద్వీపాంతర వాసం’ అని పిలిచిన శిక్షకు నాటినుండి పోర్టు బ్లెయరు నిలయమైంది. ఆ పట్టణానికి 2024లో శ్రీ విజయపురం అనే పేరు పెట్టారు.

ఆ నేలతో తెలుగువారికి సంబంధం మొదటినుండి ఉన్నది. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అక్కడికే పంపారు. ఆయన అక్కడే మరణించాడు. 1879లో చెలరేగిన రంప పితూరీ తరువాత మన్యంవారు కొందరికి అదే శిక్ష పడింది. మద్రాసు రాజధానిలో ద్వీపాంతర శిక్ష పడిన సామాన్య నేరస్థులు కూడా ఆ ఓడలే ఎక్కారు.

వచ్చినవారిలో అత్యధికులు పురుషులు. వారు స్థిరపడి అడవి నరికి, పొలాలు దున్ని, తమ పోషణ తామే చూసుకోవాలంటే కుటుంబాలుండాలని అధికారులకు ఆదిలోనే తోచింది. స్వదేశం నుండి భార్యలను రప్పించుకొనవచ్చునని ఖైదీలకు చెప్పి చూశారు. వచ్చినవారు బహు కొద్దిమంది. సముద్రం దాటితే కులం పోతుందనే భయం ఒకటి. నేరస్థుని భార్య అయినందుకు ఊరివారి ముందు తల ఎత్తలేని పరిస్థితి మరొకటి. అందువల్ల దేశంలోని కారాగారాల నుండి స్త్రీ ఖైదీలను తెప్పించే ఏర్పాటు జరిగింది. వారికోసం సౌత్ పాయింటులో ప్రత్యేకంగా ఒక జైలు ఉండేది. నేత, కుట్టు మొదలైన పనులు వారిచేత చేయించేవారు.

క్రమంగా నియమాలు ఏర్పడ్డాయి. పందొమ్మిదవ శతాబ్దాంతం నాటికి అవి ఇట్లా ఉండేవి. యావజ్జీవ శిక్ష పడిన పురుషుడు కఠినమైన తొలి దశలు దాటి, సుమారు పదేండ్లు సత్ప్రవర్తనతో గడిపితే, తన బ్రతుకు తాను సంపాదించుకొనే అనుమతి చీటీ లభించేది. అట్టివానిని ఆంగ్లంలో ‘సెల్ఫ్ సపోర్టర్’ అనేవారు. అతనికి గ్రామంలో ఇల్లు, భూమి, పనిముట్లు సమకూర్చేవారు. మూడేండ్ల వరకు పన్ను, అద్దె ఉండేవి కావు. అతడు వివాహానికి అర్హుడు. స్త్రీకి ఐదేండ్లు గడిస్తే ఆ అర్హత వచ్చేది. అంతవరకు, అర్హత వచ్చిన తరువాత కూడా, ఆమె ఆడవారి జైలులోనే ఉండాలి. బయటికి రావడానికి రెండే దారులు: అనుమతితో ఎవరి ఇంటనైనా పనికి కుదరడం, లేదా వివాహం చేసుకొని భర్తతో కాపురముండడం. వివాహితురాలు పదిహేనేండ్లకు భర్తతో కలసి ద్వీపం విడిచి పోవచ్చును. కాని దంపతులలో ఒకరి గడువు తీరినా రెండవవారి గడువు తీరేదాకా నిరీక్షించి, ఇద్దరూ కలసి వెళ్ళవలసిందే.

వివాహం కోరిన పురుషుడు జైలుకు వచ్చి, వరుసగా నిలిచిన స్త్రీలను చూచి ఒకరిని ఎన్నుకొనే పద్ధతిని నాటి పరిశీలకులు పలువురు వర్ణించారు. దానిని చూచి నవ్వినవారున్నారు. సంతను తలచుకొని రోసినవారున్నారు. పురుషుడు ఎన్నుకున్నంత మాత్రాన వివాహం కుదిరేది కాదు. స్త్రీ సమ్మతించాలి; ఉభయుల సమ్మతిపై అధికారి అనుమతి ఇవ్వాలి. అడిగినవానిని ఆమె కాదనవచ్చును. పురాణాలలో రాజకన్యలకు దక్కిన అధికారం నేరస్థురాలికి సర్కారు కాగితం మీద దక్కింది.

ఈ స్త్రీలు ఎవరు? వారిలో చాలామంది హత్యానేరంపై శిక్ష పడినవారు. చంపబడినవారు తరచుగా భర్తలు, లేదా కన్నబిడ్డలు. ఈ నేరాల వెనుక బాల్యవివాహం, వృద్ధునితో పెండ్లి, వైధవ్యం, లోకనింద ఉన్నవి. 1881లో సూరతులో విజయలక్ష్మి అనే యువతిపై నడిచిన అభియోగం దేశాన్ని కదిలించింది. ఆమె బ్రాహ్మణ వితంతువు. తనకు పుట్టిన శిశువును చంపిందని న్యాయస్థానం ఉరిశిక్ష వేసింది; అది పిమ్మట ద్వీపాంతర శిక్షగా మారింది. ఆ సందర్భంలో పత్రికలు స్త్రీజాతిపై కురిపించిన నిందలకు జవాబుగానే తారాబాయి షిందే 1882లో మరాఠీలో ‘స్త్రీపురుష తులన’ రచించింది. అదే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించాడు. వితంతు పునర్వివాహం చట్టసమ్మతమై అప్పటికి పాతికేండ్లయింది. 1856లో చేసిన ఆ చట్టం కాగితంపై ఉన్నదేగాని, పీటల మీద కూర్చుండే సాహసం ఎవరికీ లేకపోయింది.

ఇక్కడ చరిత్ర చేసిన వింత గమనింపదగినది. తన ఊరిలో ఏ వరుడూ అడగరాని వితంతువును ద్వీపంలో వరుడు వచ్చి అడగవచ్చును. స్వదేశంలో సంస్కర్తలు వెలికి గురియై, శాస్త్రాలు తిరగవేసి, ఒక్కొక్క పెండ్లి కోసం ఊరంతటితో పోరాడుతున్న రోజులలో, కాలాపానీలో పునర్వివాహం కేవలం ఒక దరఖాస్తు వ్యవహారం. ఇందులో పాలకుల ఔదార్యమేమీ లేదు. వారికి కావలసింది వలస నిలద్రొక్కుకొనడం. కాని ఆడదాని జీవితాన్ని మూసివేసిన తలుపు నేరస్థుల ద్వీపంలో తెరుచుకొన్నదంటే, ఆ తలుపు మూసినవారు సిగ్గుపడవలసిన మాటే గదా.

అట్లని ఆ ద్వీపాన్ని స్త్రీస్వాతంత్ర్య భూమిగా కీర్తించడం పొరపాటు. స్త్రీకి తిరస్కరించే హక్కు ఉన్నదన్నాం. తిరస్కరించి ఆమె ఎక్కడికి పోతుంది? మళ్ళీ సౌత్ పాయింటు జైలుకే. అంగీకరిస్తే ఇల్లు, పొయ్యి, పెరడు, ఆకాశం, కాదంటే గోడలు. షార్లట్ లూకస్ కాలిన్స్‌ను అంగీకరించడానికి పేదరికం కారణమైతే, ఇక్కడ కారాగారం కారణం. గోడల నీడలో పలికిన ‘సరే’ను సమ్మతి అనవచ్చునా? ఆ స్త్రీల మాటలు మనకు అధికారుల కలాల ద్వారానే చేరాయి. ఆ కలాలు సమ్మతిని లెక్కపెట్టాయేగాని, దాని లోతును తూచలేదు. అయినా ఇంత మూల్యం ఉండి కూడా కాదనే వీలును నియమం గుర్తించడమే విశేషం. కాదనే అవకాశమున్న చోట ఔనన్న మాటకు కొంతయినా విలువ వస్తుంది.

ఈ వివాహాలను లోపలినుండి చూచి వ్రాసినవాడు మౌలానా జాఫర్ థానేశ్వరీ. 1864లో అంబాలాలో జరిగిన రాజద్రోహ విచారణలో ఆయనకు మొదట ఉరిశిక్ష పడింది. తరువాత దానిని ద్వీపాంతర శిక్షగా మార్చారు. 1866 జనవరిలో పోర్టు బ్లెయరు చేరిన ఆయన అక్కడ మున్షీగా పనిచేశాడు, ఆంగ్లం నేర్చాడు, దొరలకు ఉర్దూ నేర్పాడు. 1883లో విడుదలై స్వదేశం చేరి, ‘కాలాపానీ’ అనే పేరుతో కూడా ప్రసిద్ధమైన తన స్మృతులను ఉర్దూలో వెలువరించాడు. ఆయన ద్వీపంలో మొదట ఒక కాశ్మీరీ స్త్రీని వివాహమాడాడు. ఆమె మరణించిన తరువాత, అల్మోడా ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాన పుట్టి, ఇస్లాము స్వీకరించిన స్త్రీని పెండ్లాడి, ఆమెతోను సంతానంతోను తిరిగి వచ్చాడు. మతధర్మం కోసం ప్రాణాలకు తెగించినవాడు, అల్మోడా కొండలలోని బ్రాహ్మణుల ఆడపడుచు. వీరిరువురి జాతకాలు స్వదేశంలో ఏ పెండ్లిపెద్దా సరిచూచి ఉండడు. ద్వీపంలో అది సాధ్యమైంది.

దీనికి ఎదురుగా నిలిచే కథ ఒకటి అంతకు ముందే జరిగింది. తిరుగుబాటు సిపాయిలలో ఒకడైన దూధ్‌నాథ్ తివారీ 1858లో ఇతర ఖైదీలతో పారిపోయి ఆదివాసుల చేతికి చిక్కాడు. గాయపడిన అతన్ని వారు చంపక, తమతో ఉండనిచ్చారు. సుమారు ఏడాది అతడు వారితో తిరిగాడు. తమ పిల్లనిచ్చి వివాహం కూడా చేశారు. లీపా అనే ఆ స్త్రీ గర్భవతిగా ఉండగా, 1859లో ఆదివాసులు ఆబెర్డీన్ వద్ద వలసపై దాడికి సిద్ధమయ్యారు. అతడు వారిని విడిచి వచ్చి ఆ వార్త అధికారులకు ముందుగా అందించాడు. మే 17న జరిగిన ఆ పోరాటంలో ఆదివాసులు ఓడిపోయారు. తివారీకి క్షమాభిక్ష దక్కింది. లీపాను అతడు స్వీకరించలేదు. ఒక ఖైదీ, అడవిలో ప్రాణం నిలిపిన స్త్రీకంటె, తనను బంధించిన దొరల మన్నననే ఎక్కువగా ఎంచుకున్నాడు. నాగరికుడననే అహంకారం సంకెళ్ళతోపాటు ఊడిపోదని ఈ కథ చెబుతున్నది. లీపా తరఫున ఎవ్వరూ ఏమీ వ్రాయలేదు.

హిందీ సాహిత్యంతో పరిచయమున్న పాఠకునికి ఈ ద్వీప చరిత్ర చదువుతుంటే జయశంకర్ ప్రసాద్ కథ ‘ఆకాశ్‌దీప్’ జ్ఞప్తికి రాక మానదు. ఈ శతాబ్దానికి ముందటి శతాబ్దంలో మూడవ దశాబ్ది చివర అది వెలువడింది. దానిలోని కాలం ప్రాచీనం, ద్వీపం కల్పితం. చంపా, బుద్ధగుప్తుడు ఇద్దరూ ఒక వర్తకుని ఓడలో బందీలు. రాత్రి చీకటిలో ఒకరి కట్లు మరొకరు విప్పుకొని స్వేచ్ఛ పొందుతారు. ఒక క్రొత్త ద్వీపం చేరతారు. దానికి ఆమె పేరే పెడతారు. ఇద్దరూ క్షత్రియ సంతానమే. అతడు దుర్దశ పాలై సముద్రపు దొంగగా మారినవాడు. ఏండ్లు గడిచి అతడు ఆ సముద్రంలో అధిపతియై, ఆమెను వివాహమాడ గోరాడు. ఆమె అతన్ని ప్రేమించింది. కాని తన తండ్రి మరణానికి అతడే కారకుడనే అనుమానం ఆమెను విడువలేదు. అతడు కాదని ఎంత చెప్పినా ఆమె మనస్సు పూర్తిగా నమ్మలేదు. ప్రతీకారం కోసం దాచుకున్న కత్తిని నీటిలో పారవేసింది. వివాహాన్ని మాత్రం నిరాకరించింది. అతడు భారతదేశానికి మరలిపోయాడు. ఆమె ద్వీపవాసుల సేవలో, ఎత్తైన దీపస్తంభంలో దీపం వెలిగిస్తూ జీవితం గడిపింది.

ఈ కథ పేరును తెలుగులోనికి అనువదించవలసిన అవసరమే లేదు. కార్తిక మాసంలో మన శివాలయాల ధ్వజస్తంభం మీద వెలిగే దీపాన్ని మనం ఆకాశదీపమనే అంటాం. చంపా తల్లి సముద్రంలో ఉన్న భర్త కోసం గంగ ఒడ్డున వెదురుబుట్టలో దీపముంచి ఎత్తుగా వ్రేలాడదీసేది. కుమార్తె ఆ అలవాటునే ద్వీపానికి తెచ్చుకుంది. ఈ కథను తెలుగు చేయబూనినవానికి పదాలు కష్టపెట్టవు. ఆ నిరాకరణలోని స్వరమే కష్టపెడుతుంది. అందులో కులాభిమానం లేదు, ధనాభిమానం లేదు, ద్వేషం కూడా లేదు. దేవయాని కథలో తిరస్కారానికి ధర్మసూత్రం కారణం. కర్ణుని వృత్తాంతంలో పుట్టుక కారణం. ఎలిజబెత్ విషయంలో గాయపడిన ఆత్మగౌరవం కారణం. చంపాకు తన అంతఃకరణ మాత్రమే కారణం. ఆమె కాదనగలిగినది ఎందువల్ల? ఆ ద్వీపంలో ఆమెను ఏ జైలు గోడకూ తిరిగి పంపేవారు లేరు కనుక. ప్రసాద్ కల్పించిన ద్వీపానికీ, ప్రభుత్వం నిర్మించిన ద్వీపానికీ భేదం ఇక్కడే ఉన్నది.

మన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఈ వరుసలో చేర్చి చూస్తే మరొక సత్యం బయటపడుతుంది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సంపూర్ణంగా మారిన రూపంలో వెలువడిన ఆ నాటకంలో పసిపిల్ల సుబ్బికి ముసలి లుబ్ధావధాన్లతో పెండ్లి నిశ్చయించారు. సుబ్బి కాదనలేదు, కాదనే మాట ఒకటి ఉన్నదని ఆమెకు ఎవరూ నేర్పలేదు. అందువల్ల కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి ఆ పెండ్లిపీట మీద కూర్చుండబెట్టవలసి వచ్చింది. ఆడపిల్ల తిరస్కారం మగపిల్లవాని వేషంలోగాని ప్రవేశించలేని సమాజమది. విధవ బుచ్చమ్మ గిరీశంతో వెళ్ళిపోయిన తరువాత, ఆ సంబంధాన్ని ఆపినది కూడా ఆమె కాదు, సౌజన్యారావు పంతులు. మంచి జరిగినా, ఆమెను అడిగి జరగలేదు. ఆ కాలంలోనే, ఆమెవంటి వితంతువు ఏదో నేరంపై సముద్రం దాటి ఉంటే, సౌత్ పాయింటులో ఒక అధికారి ఎదుట నిలబడి, నీకు ఇష్టమేనా అనే ప్రశ్న వినేది. నేరస్థురాలైతేనేగాని ఆ ప్రశ్న వినపడని స్థితి మనది. గురజాడ నవ్వు వెనుక ఉన్న వేదన ఇదే.

అండమాను వివాహాల ఫలితంగా ఒక జనసముదాయం ఏర్పడింది. పంజాబు, బెంగాలు, బొంబాయి, మద్రాసు, బర్మా మొదలైన భిన్న ప్రాంతాల వారు, భిన్న భాషల, కులాల వారు కలసిన ఆ కుటుంబాలలో హిందుస్తానీ ఇంటి భాష అయింది. వారిని ‘లోకల్ బార్న్’ అంటారు. అంటే ఆ నేలపై పుట్టినవారు. 1921లో ప్రభుత్వం ఈ శిక్షావిధానాన్ని విరమించాలని నిర్ణయించింది. రాజకీయ ఖైదీలను మాత్రం 1930 దశకంలో మళ్ళీ అక్కడికే పంపారు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకర వెంకటాచారి అట్లా వెళ్ళినవాడే. 1942 నుండి 1945 వరకు ద్వీపాలు జపాను ఆక్రమణలో నలిగాయి; యుద్ధానంతరం ఖైదీల వలస పూర్తిగా రద్దయింది. 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు 1979 నుండి జాతీయ స్మారకం.

తాతముత్తాతల నేరం ఆ సంతతివారికి చాలాకాలం బరువైంది. ప్రధాన భూభాగం నుండి ఉద్యోగాలకు వచ్చినవారు వారిని తక్కువగా చూసిన రోజులున్నవి. సంబంధాలు కలుపుకొనడానికి వెనుదీసినవారున్నారు. శర్మిష్ఠ దేవయానిని ఆడిన మాటకు ఇది మరొక రూపం. అయితే ఆ ముత్తాతలు పెండ్లినాడు అడిగిన ప్రశ్నలను, నేటికీ మనం అడిగే ప్రశ్నలతో పోల్చి చూడవలసి ఉన్నది. వారికి గోత్రం చెప్పుకొనే తీరిక లేదు. కట్నం ఇచ్చే తండ్రి లేడు. ఇద్దరు అపరిచితులు ఒకరినొకరు చూచి, ఒకరి గతాన్ని మరొకరు క్షమించి, కాపురం మొదలుపెట్టారు. వాటిలో దుఃఖంతో ముగిసినవి ఎన్నో ఉండవచ్చును. నిలిచినవి మాత్రం ఒక జాతిని నిలిపాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో పెక్కుమంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై, చేపలవేటకై వెళ్ళినవారు. వారికి ఆ సముద్రం నల్లనీరు కాదు, జీవనాధారం. కులం పోగొట్టే నీరని వెనుకటివారు భయపడిన దానిని వారు ఏడాదికొకసారి సెలవులకు దాటి వస్తున్నారు.

వచ్చినప్పుడు కొందరు పిల్లలకు సంబంధాలు కూడా చూసుకొని పోతారు. అట్టి పెండ్లిచూపులలో ఆడపిల్లను పిలిచి కూర్చుండబెట్టి, నీకు ఇష్టమేనా అని అడగడం నేడు ఆచారమైంది. ఆమె తల వంచుకొని ఊరకుంటే మనం దానిని అంగీకారమనుకొంటాం. సౌత్ పాయింటు నియమం ఆ మౌనంతో తృప్తిపడక, సమ్మతినే కోరింది. కారాగారంలో దక్కిన ఆ పాటి మర్యాద మన ఇండ్లలోని ఆడబిడ్డకు పూర్తిగా దక్కినప్పుడు, ఆమె కాదన్నందుకు ఏ గోడల వెనుకకూ పోనవసరం లేనప్పుడు, ఎలిజబెత్ ధైర్యాన్నీ చంపా దీపాన్నీ మనం సరిగా చదివినట్లు అవుతుంది.